మీర్జా గాలిబ్ : కర్జా, కైదు, దోస్తీ

ప్రతి ఏడాదీ తొమ్మిదో తరగతిలో మీర్జా గాలిబ్ పాఠం వచ్చినప్పుడు వెనుక బెంచీ నుంచి ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. ఆయన జైలుకు వెళ్ళాడట కదా సార్, నిజమేనా అని. తరగతి గొల్లున నవ్వుతుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ఈ ప్రశ్నను దాటవేసేవాణ్ణి. గొప్ప కవి గురించి పిల్లలకు చెడ్డ మాట చెప్పడమెందుకని అనుకునేవాణ్ణి. ఇప్పుడు దాటవేయడం లేదు. పాఠం పక్కన పెట్టి ఒక పీరియడు పూర్తిగా ఆ సంగతే చెబుతున్నాను. ఈ సావనీరుకు ఏదైనా రాయమని మన కార్యదర్శి గారు అడిగినప్పుడు, క్లాసులో చెప్పేదే పెద్దలకూ చెబితే బాగుంటుందని తోచింది. గాలిబ్ కవిత్వం మీద గ్రంథాలు కొల్లలుగా ఉన్నవి. తెలుగులో మహాకవి దాశరథి కృష్ణమాచార్యులు గారు 1961లోనే గాలిబ్ గీతాలు పేరిట ఆయనను ఇంటింటికీ తెచ్చిపెట్టారు. కనుక కవిత్వం జోలికి నేను పోను. అప్పుల్లో మునిగి, జైలు చూసి, ఒంట్లో బాగాలేదన్న కారణం మీద గడువుకు ముందే బయటపడిన ఒక మనిషి కథ మాత్రమే చెబుతాను.

మీర్జా అసదుల్లా బేగ్ ఖాన్ 1797 డిసెంబరు 27వ తేదీన ఆగ్రాలో జన్మించాడు. వారిది తురుష్క సైనిక వంశం. తాత సమర్కందు వైపు నుంచి హిందూస్థానానికి వలస వచ్చినవాడు. తండ్రి అబ్దుల్లా బేగ్ ఖాన్ కత్తిని నమ్ముకుని ఊరూరా కొలువు చేసినవాడు. కొంతకాలం లక్నోలో, తర్వాత మన హైదరాబాదులో నిజాం అలీ ఖాన్ కొలువులో మూడు వందల మంది రౌతులతో పనిచేశాడు. ఆ కొలువు పోగా ఆల్వారు రాజు దగ్గర చేరి అక్కడే పోరులో చనిపోయాడు. అప్పటికి గాలిబ్‌కు ఐదేళ్ళు. పినతండ్రి నస్రుల్లా బేగ్ ఖాన్ పిల్లలను చేరదీశాడు. ఆయనా 1806లో ఏనుగు మీద నుంచి పడి చనిపోయాడు. తొమ్మిదేళ్ళు నిండకుండానే పిల్లవాడు రెండుసార్లు యతీము అయ్యాడు.

గాలిబ్ అప్పుల కథ ఇక్కడి నుంచే మొదలవుతుంది. నస్రుల్లా బేగ్ ఇంగ్లీషు సేనాని లార్డ్ లేక్ దగ్గర పెద్ద ఉద్యోగంలో ఉండి పోయినవాడు. అందువల్ల ఆయన వారసుల పోషణకు డబ్బు ఇచ్చే బాధ్యతను ఫిరోజ్‌పూర్ ఝిర్కా, లోహారు జాగీర్ల నవాబు అహ్మద్ బఖ్ష్ ఖాన్ మీద పెట్టారు. ఏటా పదివేల రూపాయలు రావాలని గాలిబ్ నమ్మకం. నవాబు చూపించిన రెండో కాగితంలో ఉన్నది ఐదువేలే. ఆ ఐదువేలలోనూ రెండువేలు ఖ్వాజా హాజీ అనే మరొకరికి పోయింది. మిగతాది పంచగా గాలిబ్ వంతుకు వచ్చింది ఏటికి 750 రూపాయలు. అంటే నెలకు అరవై రెండున్నర రూపాయలు. ఆ రోజుల్లో సామాన్యుడి ఇంటికి అది తక్కువ సొమ్మేమీ కాదు. కాని నవాబుల బిరాదరీలో పుట్టి, వారి ఇంటి పిల్లనే చేసుకుని, పల్లకీ లేనిదే గడప దాటని వాడికి అది ఏ మూలకు?

పదమూడో ఏట, 1810లో, ఆ నవాబు తమ్ముడు ఇలాహీ బఖ్ష్ ఖాన్ కుమార్తె ఉమ్రావ్ బేగంతో నికా జరిగింది. తర్వాత ఢిల్లీ కాపురం. పుట్టిన ఏడుగురు బిడ్డల్లో ఒక్కరూ రెండేళ్ళు బతకలేదు. సొంత ఇల్లంటూ కొనలేదు. జీవితమంతా కిరాయి ఇళ్ళలోనే గడిచింది. ఉమ్రావ్ బేగం నమాజు, రోజా తప్పని మనిషి. ఆయన అలవాట్లు వేరు. మద్యం తాగేవాడు, ఆ సంగతి ఎవరి దగ్గరా దాచేవాడు కాదు. ఇది మంచి అలవాటని నేను చెప్పను. గాలిబ్ కూడా ఎన్నడూ చెప్పలేదు. తాను గునాగారునని ఒప్పుకుంటూనే బతికాడు.

పింఛను పూర్తిగా రాబట్టుకోవాలని పంతం పట్టి కలకత్తా బయలుదేరాడు. అప్పుడు ఇంగ్లీషువారి పెద్ద సర్కారు అక్కడ ఉండేది. లక్నో, బాందా, కాశీ మీదుగా, కొంత గుర్రం మీద, కొంత పడవలో ప్రయాణం చేసి, దారిలో జబ్బుపడి ఆగి ఆగి, 1828 ఫిబ్రవరిలో చేరాడు. ప్రయాణానికీ అప్పే, అక్కడ కాపురానికీ అప్పే. ఢిల్లీలోని షావుకార్లు ఎందుకిచ్చారంటే, దావా గెలిస్తే వెనుకటి బకాయిలన్నీ ఒక్కసారిగా వస్తాయన్న ఆశతో ఇచ్చారు. 1829 నవంబరులో ఖాళీ చేతులతో ఇంటికి వచ్చాడు. 1831లో దావా కొట్టివేశారు. ఆ తర్వాత కూడా లండను దాకా అర్జీలు పెట్టి చూశాడు. అక్కడా చుక్కెదురే అయింది.

దావా పోయిందని తెలిసిన రోజునుంచి షావుకార్ల ముఖాలు మారిపోయాయి. 1835 నాటికి బాకీ నలభై వేల రూపాయలు దాటింది. నెలకు అరవై రెండున్నర వచ్చేవాడికి నలభై వేల బాకీ! లెక్కల పంతులుతో లెక్క కట్టిస్తే, తిండీ బట్టా మానేసి మొత్తం కట్టినా యాభై మూడేళ్ళు పట్టే బాకీ అది, వడ్డీ లేకుండానే. ఇద్దరు షావుకార్లు కోర్టుకెక్కి డిక్రీ తెచ్చుకున్నారు. ఐదువేలు కట్టు, లేదా జైలుకు పద. అప్పటి న్యాయం అది. అయితే ఢిల్లీలో ఒక మర్యాద ఉండేది. పేరున్న మనిషిని ఇంట్లో జొరబడి పట్టుకోరాదు. గడప దాటితేనే కోర్టు అమీనా చెయ్యి వేయవచ్చు. కాబట్టి మీర్జా ఇంట్లోనే కూర్చున్నాడు. నెలల తరబడి పగలు వీధి ముఖం చూడలేదు. ఇంటినే జైలుగా చేసుకున్నాడన్నమాట.

ఆ రోజుల్లోనే మరో దెబ్బ తగిలింది. 1835 మార్చిలో ఢిల్లీ రెసిడెంటు విలియం ఫ్రేజరును ఎవరో కాల్చి చంపారు. ఆ నేరం మీద ఫిరోజ్‌పూర్ నవాబు షంసుద్దీన్ ఖాన్‌ను పట్టుకుని అక్టోబరులో ఉరితీశారు. ఈ నవాబుతో పింఛను విషయంలో గాలిబ్‌కు తగాదా ఉండేది. ఫ్రేజరుతో స్నేహం ఉండేది. దాంతో గాలిబే చాడీలు చెప్పి నవాబును పట్టించాడని ఊరంతా గుప్పుమంది. ఇంట్లో కూర్చున్నవాడి మీద ఇంత నింద. అప్పున్నవాడి గురించి ఏ పుకారైనా ఇట్టే నమ్మేస్తారు చూడండి. ఇది అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

మద్యం దుకాణందారు ఒకడు బాకీ కోసం ఫిర్యాదు చేస్తే ఆ కేసు ముఫ్తీ సద్రుద్దీన్ ఆజుర్దా ఎదుటికి వచ్చిందని ఒక కథ చెబుతారు. ముఫ్తీ సాహెబ్ గొప్ప ఆలిం, ఢిల్లీలో సద్రుస్సుదూర్ హోదాలో న్యాయాధికారి, తానూ కవి. మీర్జా తన తప్పు ఒప్పుకుంటూ, అప్పు తెచ్చి తాగిన తన పిచ్చితనం మీద తానే చమత్కరిస్తూ ఒక షేరు చదివాడట. ముఫ్తీ సాహెబ్ నవ్వుకుని, బాకీ నిజమే గనుక తీర్పు షావుకారు పక్షానే ఇచ్చి, ఆ సొమ్ము మాత్రం తన జేబు నుంచే కట్టాడట. నాకు ఈ కథలో నచ్చేది షేరు కాదు, ఆ తీర్పు. అప్పిచ్చినవాడి హక్కు పోలేదు, అప్పు తీసుకున్నవాడు జైలు పాలు కాలేదు. రెండింటి మధ్య ఒక మూడో మనిషి నిలబడ్డాడు. ఈ మూడో మనిషిని మీరు గుర్తు పెట్టుకోవాలి, చివర మళ్ళీ పనిపడుతుంది.

ఇక్కడ మా పంతుళ్ళకు సంబంధించిన ఒక సంగతి కూడా చెప్పాలి. 1840 ప్రాంతంలో ఢిల్లీ కాలేజీలో ఫారసీ ఉస్తాదు ఉద్యోగానికి గాలిబ్‌ను పిలిచారు. పల్లకీలో వెళ్ళి గుమ్మం దగ్గర ఆగాడు. దొర ఎదురు వచ్చి లోపలికి తీసుకువెళ్ళాలని ఆయన ఆశ. నౌకరీకి వచ్చినవాడికి ఎదురు రావడం రివాజు కాదని దొర చెప్పాడు. ఉద్యోగం ఇజ్జత్ పెరగడానికి గాని తరగడానికి కాదనే భావంతో మీర్జా పల్లకీ వెనక్కి తిప్పించాడు. దీన్ని స్వాభిమానమని పొగిడేవారున్నారు. నేను పిల్లలకు రెండు వైపులా చెబుతాను. ఆ రోజు ఆ పల్లకీ లోపలికి వెళ్ళి ఉంటే, బహుశా 1847లో జైలుకు వెళ్ళే పని ఉండేది కాదు.

ఇప్పుడు అసలు ఘట్టానికి వద్దాం. మీర్జాకు చదరంగం, చౌసరు ఆడే అలవాటు ఉండేది. పందెం పెట్టి ఆడేవాడు. చేతిలో డబ్బు ఆడకపోవడంతో ఇల్లే జూదగృహమైంది. 1841లో ఒకసారి పట్టుబడి వంద రూపాయల జుర్మానాతో బయటపడ్డాడు. బుద్ధి తెచ్చుకోలేదు. 1847 మే 25వ తేదీన కొత్వాలు ఫైజుల్ హసన్ ఖాన్ ఇంటి మీద దాడి చేసి మళ్ళీ పట్టుకున్నాడు. ఈసారి మేజిస్ట్రేటు కున్వర్ వజీర్ అలీ ఖాన్ ఆరు నెలల కఠిన కారాగార శిక్ష, రెండు వందల రూపాయల జుర్మానా వేశాడు. మరో యాభై కడితే కఠినమైన పని తప్పించవచ్చని వెసులుబాటు ఇచ్చాడు. కొత్వాలుకు తనమీద పగ ఉందని, మేజిస్ట్రేటుకు తనెవరో తెలియదని మీర్జా తర్వాత రాసుకున్నాడు. కావచ్చు. అయినా తప్పు జరిగింది, శిక్ష పడింది. జూదం హరాం. దాన్ని కవిత్వం కడిగేయదు.

అప్పీలు చేస్తే సెషన్సు కోర్టులో నిలవలేదు. పాదుషా బహదూర్‌షా జఫర్ స్వయంగా సిఫారసు లేఖ పంపితే, వ్యవహారం అదాలతులో ఉంది గనుక ఏమీ చేయలేమని కంపెనీవారు జవాబిచ్చారు. ఎర్రకోట పాదుషా మాటకు అప్పటికే ఉన్న విలువ అంత. అహ్సనుల్ అఖ్బార్ అనే పత్రిక మాత్రం ఒక న్యాయమైన మాట రాసింది. ఈ మనిషి చాలాకాలంగా రోగి, హకీములు చెప్పిన పథ్యం మీద బతుకుతున్నాడు, ఈ శిక్ష అతడి ఒంటికి తట్టుకోలేనిది, ప్రాణానికే ముప్పు రావచ్చు అన్నది దాని సారాంశం. నేరం చేశాడా లేదా అన్నది వేరు, ఈ శరీరం ఈ శిక్షను మోయగలదా అన్నది వేరు అని ఆ సంపాదకుడు గ్రహించాడు.

మరి బంధువులేం చేశారు? లోహారు నవాబుల ఇల్లు ముఖం చాటేసింది. మొన్నటిదాకా మా మీర్జా అని చంకలు గుద్దుకున్నవాళ్ళు, ఆయనతో మాకు చుట్టరికం ఏపాటిది అన్నట్టు తప్పుకున్నారు. ముషాయిరాల్లో వాహ్వా అన్న స్నేహితులు జైలు వీధి మీదుగా నడవడం మానేశారు. ఇజ్జత్ పోతుందని భయం. ఇలాంటి సమయంలో ఒక్కడు నిలిచాడు. ఆయన నవాబు ముస్తఫా ఖాన్ షేఫ్తా.

షేఫ్తా సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. జహాంగీరాబాదు జాగీర్దారు, కవి, విమర్శకుడు. యౌవనంలో విలాసాలు అనుభవించినా, 1839లో హజ్‌కు బయలుదేరి వెళ్ళివచ్చిన తర్వాత పూర్తిగా మారిపోయి పరహేజుగారుగా బతికాడు. జూదగాడి నుంచి దూరం తొలగడానికి ఎవరికైనా సాకు ఉందంటే ముందు ఆయనకే ఉండాలి. కాని ఆయన కేసు ఖర్చులు, అప్పీలు ఖర్చులు, జుర్మానా అన్నీ భరించాడు. జైలుకు వెళ్ళి పలకరిస్తూ వచ్చాడు. ఎవరో ఆక్షేపించగా ఆయన చెప్పిన సమాధానాన్ని మౌలానా హాలీ 1897లో వెలువరించిన యాద్గారే గాలిబ్‌లో పొందుపరిచాడు. దాని భావం ఇది: గాలిబ్ మీద నాకున్న గౌరవం ఆయన భక్తిని చూసి ఏర్పడింది కాదు, ఆయన విద్వత్తును చూసి ఏర్పడింది. జూదం నింద ఈనాడు వచ్చింది గాని, తాగుతాడన్నది మొదటినుంచీ అందరికీ తెలిసినదే. నిన్న తెలిసి గౌరవించినవాణ్ణి ఈరోజు ఎందుకు వదలాలి? పాఠకులారా, మన నమాజీలందరం ఈ మాట మీద కాసేపు ఆలోచించవలసి ఉన్నది.

జైల్లో మీర్జాకు శారీరక బాధలు మరీ ఎక్కువ లేవని హాలీ రాశాడు. ఇంటి నుంచి భోజనం, బట్టలు వచ్చేవి. కాని అవమానం లోపల కోసింది. ఆ రోజుల్లో జైల్లోనే ఫారసీలో ఒక దీర్ఘ కవిత రాశాడు. అందులో తనవారు అనుకున్నవాళ్ళు వదిలేసిన బాధ ఉంది, షేఫ్తా పట్ల కృతజ్ఞత ఉంది. మూడు నెలలు గడిచాయి. అప్పుడు శిక్ష వేసిన మేజిస్ట్రేటే విడుదలకు సిఫారసు చేశాడు. పై నుంచి మంజూరు వచ్చింది. సివిల్ సర్జన్ డాక్టర్ రాస్ ఆయన ఆరోగ్యం చూసి చేసిన సిఫారసే దీనికి మూలమని జీవిత చరిత్రకారులు రాశారు. పాదుషా లేఖ తెరవలేని తలుపు డాక్టరు కాగితంతో తెరుచుకుంది.

బయటికి వచ్చాక మియా కాలే సాహెబ్ అనే పీరు గారి ఇంట్లో ఉన్నాడు. ఎవరో వచ్చి విడుదలైనందుకు ముబారక్ చెబితే, విడుదల ఎక్కడిది, తెల్లవాళ్ళ కైదు పోయి కాలేవాడి కైదు వచ్చిందని ఆ పేరు మీదే పరిహాసమాడాడట. నవ్వించాడు గాని, ఆ అవమానం చచ్చేదాకా మరువలేదు.

తర్వాత కొంచెం మంచిరోజులు వచ్చాయి. 1850లో పాదుషా బిరుదులిచ్చి, తైమూరు వంశ చరిత్ర రాయమని నెలకు యాభై రూపాయలు ఏర్పాటు చేశాడు. 1854లో జౌఖ్ చనిపోయాక పాదుషాకు కవితా గురువయ్యాడు. మూడేళ్ళు తిరక్కుండానే 1857 వచ్చింది. కోట పోయింది, పాదుషా పోయాడు, యాభై రూపాయలూ పోయాయి. తిరుగుబాటుదారుల మనిషేమోనన్న అనుమానంతో ఇంగ్లీషువారు పింఛను కూడా ఆపేశారు. మతి స్థిమితం లేని తమ్ముడు యూసుఫ్ ఆ అక్టోబరులో చనిపోతే కఫను గుడ్డ దొరకడమే కష్టమైంది. ఉమ్రావ్ బేగం నగలు కాలే సాహెబ్ ఇంట్లో దాచిపెడితే అవీ లూటీలో పోయాయి. పరుపులు, బట్టలు ఒక్కొక్కటే అమ్ముకుని తిన్నారు.

ఆ గడ్డురోజుల్లో షేఫ్తా వంతు వచ్చింది. 1857 తర్వాత ఆయనకు ఏడేళ్ళ ఖైదు వేశారు. ఆ శిక్ష పూర్తికాకుండానే విడుదలై మీరట్‌లో ఉన్నాడని తెలియగానే, అరవై ఒకటేళ్ళ మీర్జా, చేతిలో చిల్లిగవ్వ లేనివాడు, 1859లో డాకు బండి పట్టుకుని మీరట్ వెళ్ళి చూసి వచ్చాడు. జైలు వీధిలో నడిచిన పాదాలను మీర్జా మరిచిపోలేదు.

1859 జూలై నుంచి రాంపూర్ నవాబు యూసుఫ్ అలీ ఖాన్ నెలకు వంద రూపాయలు పంపసాగాడు. 1860 మే నెలలో పాత పింఛను తిరిగి వచ్చింది. వచ్చిన బకాయి వచ్చినట్టే బాకీదార్లకు పోయింది. చివరి పదేళ్ళూ రోగాలతోనే గడిచాయి. ఒళ్ళంతా కురుపులు, వినికిడి పోవడం, మంచం దిగలేకపోవడం. అయినా దేశం నలుమూలల షాగిర్దులకు కవితలు దిద్ది పంపేవాడు. హైదరాబాదులోని హబీబుల్లా జకా కూడా ఆ షాగిర్దుల్లో ఒకడు. ఆఖరి ఉత్తరాల్లో కొన్ని రాంపూరుకు రాసినవి. అందులో విన్నపం ఒకటే, బాకీ తీర్చి చనిపోనివ్వండి అని. 1869 ఫిబ్రవరి 15వ తేదీన ఢిల్లీలో కన్నుమూశాడు. నిజాముద్దీన్‌లో ఖననం చేశారు. ఏడాది తిరిగేసరికి ఉమ్రావ్ బేగం కూడా ఆయనను చేరుకుంది.

ఇదీ కథ. ఇక నేను దీన్ని ఈ సావనీరులో ఎందుకు రాశానో చెబుతాను.

అప్పు తీర్చలేనివాణ్ణి జైల్లో పెట్టే పద్ధతి గాలిబ్‌తో పోయిందని మనలో చాలామంది అనుకుంటారు. పోలేదు. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ ఇప్పటికీ అమల్లో ఉంది. డిక్రీ సొమ్ము ఐదువేలు దాటితే మూడు నెలల దాకా, రెండువేల నుంచి ఐదువేల లోపైతే ఆరు వారాల దాకా సివిల్ జైల్లో ఉంచవచ్చు. రెండువేల లోపు బాకీకి జైలు లేదు. డబ్బు బాకీ మీద స్త్రీలను అరెస్టు చేయడానికి వీల్లేదు. జైలుకు వెళ్ళివచ్చినా బాకీ మాఫీ కాదు. అయితే అదే కోడ్‌లో 59వ సెక్షన్ అని ఒకటి ఉన్నది. ఋణగ్రస్తుడికి తీవ్రమైన జబ్బు ఉంటే కోర్టు అరెస్టు వారంటును రద్దు చేయవచ్చు. పట్టుకుని తెచ్చాక జైల్లో ఉంచదగిన ఆరోగ్యం లేదని తోస్తే వదిలేయవచ్చు. జైల్లో ఉండగా తీవ్రంగా జబ్బు చేస్తే ఆ కోర్టుగాని, దాని పై కోర్టుగాని విడుదల చేయవచ్చు. అంటువ్యాధి అయితే రాష్ట్ర ప్రభుత్వమే విడుదల చేయవచ్చు. కోలుకున్నాక మళ్ళీ పట్టుకునే హక్కు ఉంది గాని, మొత్తం కలిపి చట్టంలోని గడువు దాటకూడదు. ఇక 1980లో జస్టిస్ కృష్ణయ్యర్ గారు సుప్రీం కోర్టులో మరో ముఖ్యమైన తీర్పు ఇచ్చారు. ఉండి ఎగ్గొట్టేవాడు వేరు, లేక కట్టలేనివాడు వేరు, కేవలం పేదరికం కారణంగా మనిషిని జైల్లో పెట్టడం రాజ్యాంగానికి విరుద్ధం అన్నది దాని సారం.

మన షరియత్‌లో ఈ విచక్షణ ముందునుంచీ ఉన్నదే. ఇబ్బందిలో ఉన్న బాకీదారుకు వెసులుబాటు వచ్చేదాకా గడువివ్వాలని, వదిలేస్తే ఇంకా మేలని ఖురాన్ రెండో సూరా బోధిస్తుంది. ఉన్నదని అనుమానముంటే ఖాజీ ఖైదు చేయవచ్చు, లేదని తేలితే విడిచిపెట్టాలి. ఖైదులో జబ్బుచేసి, చూసే దిక్కు లేకపోతే పూచీకత్తు మీద బయటికి పంపవచ్చని ఫతావా ఆలంగీరీ వంటి హనఫీ గ్రంథాల్లో ఉంది. పూచీకత్తు అన్న మాట గమనించండి. ఎవరో ఒకరు ముందుకు వచ్చి నేనున్నానని చెప్పాలి. ముఫ్తీ సాహెబ్ కథలో మనం చూసిన మూడో మనిషి ఇతడే.

మా పేటలో ఒక దర్జీ భాయి ఉండేవాడు. పేరు చెప్పను. కూతురి పెళ్ళికి అప్పు చేశాడు. తర్వాత మూత్రపిండాల జబ్బు పట్టుకుంది. మిషను తొక్కలేకపోయాడు. ఇంటికి కోర్టు నోటీసు వచ్చింది. ఆ పెళ్ళిలో బిర్యానీ తిన్నవాళ్ళం రెండు వందల మంది ఉంటాం. నోటీసు వచ్చిందని తెలిశాక ఆ గల్లీలో నుంచి మసీదుకు వెళ్ళేవాళ్ళు కొందరు పక్క గల్లీ పట్టారు. ఎదురైతే డబ్బు అడుగుతాడని భయం. ఆ పక్క గల్లీ పట్టినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. డాక్టరు సర్టిఫికెట్టు తీసుకుని వకీలు దగ్గరికి వెళితే అరెస్టు తప్పించవచ్చని, వాయిదాలు అడగవచ్చని అప్పుడు నాకు తెలియదు. తెలుసుకునే ప్రయత్నమూ చేయలేదు. కోర్టు తేదీ రాకముందే ఆయన పోయాడు. ఏడాదికోసారి క్లాసులో లోహారు నవాబుల ప్రస్తావన వచ్చినప్పుడు నా గొంతు కొంచెం తగ్గుతుంది. ఎందుకో పిల్లలకు తెలియదు.

జకాతు పుచ్చుకునే అర్హత ఉన్న ఎనిమిది వర్గాల్లో అప్పుల్లో కూరుకుపోయినవారు ఒక వర్గం. మనం యతీములకు, బీదలకు ఇస్తున్నాం, మంచిదే. ఈ వర్గాన్ని మాత్రం తరచూ మరిచిపోతున్నాం. ఎందుకంటే యతీము తప్పు ఏమీ లేదు, బాకీదారు మాత్రం తన తప్పు వల్లే పడ్డాడని మన మనసులో ఒక మాట ఉంటుంది. కొన్నిసార్లు అది నిజం కూడా. మీర్జా విషయంలో చాలావరకు నిజమే. షేఫ్తా అది తెలిసే వెళ్ళాడు.

మన సంఘం వారికి నా విన్నపం చిన్నది. ఒక వకీలు గారు, ఒక డాక్టరు గారు, ఇద్దరు పెద్దలు కలిసి నెలకోసారి జుమా తర్వాత ఒక గంట కూర్చుంటే చాలు. నోటీసు అందుకున్నవాడు సిగ్గుపడకుండా వచ్చి చూపించుకోవాలి. జబ్బు ఉంటే కోర్టుకు కాగితం పోవాలి, షావుకారుతో వాయిదాల మాట నడవాలి, మరీ దిక్కులేనివాడికి జకాతు నిధి నుంచి కొంత తీరాలి. అప్పిచ్చినవాడి హక్కూ పోకూడదు, రోగి ఇజ్జత్తూ పోకూడదు. ఆ గంట ఎవరికైనా కాగితాలు రాసిపెట్టే పని ఉంటే నేను వస్తాను. నా దస్తూరి మా పిల్లలంటారు గాని, అంత చెడ్డదేమీ కాదు.